వీధి డ్రగ్స్ పరీక్షల్ని కల్తీ ఎలా తప్పుదారి పట్టిస్తుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

"కిట్‌లో రంగు వచ్చింది, అంటే అదే కదా?" "స్ట్రిప్ నెగటివ్ చూపించింది, ఇక టెన్షన్ లేదు కదా?" ఎక్కువమంది అడిగేవి ఈ రెండే. కిట్ అంటే పొడి మీద రసాయన చుక్క వేసి రంగు చూసే పరీక్ష, స్ట్రిప్ అంటే పొడి కలిపిన నీళ్లలో ముంచి చూసే పరీక్ష కాగితం. మిగతా ప్రశ్నలన్నీ వీటిలోంచే పుడతాయి. పరీక్ష అబద్ధం చెప్పదు. కానీ అది ఒక చిన్న ప్రశ్నకు మాత్రమే జవాబు చెబుతుంది. మనం ఆ జవాబును పెద్ద ప్రశ్నకు వాడుకుంటాం. పొడిలో కలిపిన కల్తీ పదార్థాలు సరిగ్గా ఆ సందులోనే దూరతాయి.

ఈ ప్రశ్నలు, జవాబులు డ్రగ్స్ వాడేవాళ్ల కోసం, వాళ్ల ఇంట్లోవాళ్ల కోసం, ఫలితం చదవాల్సిన నర్సులు, కౌన్సెలర్లు, లాయర్ల కోసం రాసినవి.

కటింగ్ ఏజెంట్ అంటే ఏమిటి? అన్నీ ఒకటేనా?

అమ్మేవాళ్లు అసలు సరుకుకు కలిపే ఏ పదార్థాన్నైనా కటింగ్ ఏజెంట్ అంటారు. వీటిలో రెండు రకాలున్నాయి. పరీక్షల విషయానికి వచ్చేసరికి ఈ తేడా చాలా ముఖ్యం.

మొదటి రకం కేవలం బరువు పెంచేవి. లాక్టోజ్, మానిటాల్, ఇనోసిటాల్, పిండి, వంటసోడా లాంటివి. ఒంట్లో వీటి ప్రభావం పెద్దగా ఉండదు. రెండో రకం తమంతట తామే మందులు. కెఫీన్, పారాసెటమాల్, ఫినాసెటిన్, లిడోకేయిన్, ప్రొకేయిన్, డైఫెన్‌హైడ్రమైన్, లెవామిసోల్, జైలజీన్ ఈ కోవలోవి. వీటికి సొంత రసాయన గుణాలుంటాయి కాబట్టి పరీక్షలో ఇవి కూడా నోరు విప్పుతాయి. సరుకు తయారీలో మిగిలిపోయిన మలినాలు మూడో సంగతి. వాటిని ఎవరూ కావాలని కలపరు.

ఫెంటనిల్ చాలా శక్తిమంతమైన ఓపియాయిడ్, అంటే మార్ఫిన్ తరహా మత్తుమందు. దాన్ని ఏ రకంలో వేయాలి? కొన్నిచోట్ల అదే అసలు సరుకు, కొన్నిచోట్ల అది కల్తీ. కొకైన్‌లోకి అది చేరిందంటే చాలాసార్లు కారణం ఒకే బల్ల మీద, ఒకే త్రాసుతో రెండూ తూచడం. అందుకే "నా దగ్గర అమ్మేవాడు మంచివాడు, కలపడు" అన్న మాట ఇక్కడ పనికిరాదు.

ఎందుకు కలుపుతారు? లాభం కోసమేనా?

ఎక్కువగా లాభం కోసమే. కానీ అది ఒక్కటే కారణం కాదు. హెరాయిన్‌లో కెఫీన్ ఉంటే, వేడి చేసి పొగ పీల్చేటప్పుడు తక్కువ వేడికే ఆవిరవుతుంది. కొకైన్‌లో లిడోకేయిన్ ఉంటే అదే మొద్దుబారిన అనుభూతి వస్తుంది, కొనేవాడు నమ్ముతాడు. ఫెంటనిల్ ప్రభావం త్వరగా దిగిపోతుంది కాబట్టి మత్తు ఎక్కువసేపు నిలవాలని జైలజీన్ కలుపుతారు. ఇది పశువైద్యంలో జంతువులను మత్తులో ఉంచే మందు. 2023 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం ఫెంటనిల్, జైలజీన్ కలయికను కొత్తగా ముంచుకొస్తున్న ముప్పుగా ప్రకటించింది.

లెవామిసోల్ కథ కూడా అలాంటిదే. అది నులిపురుగుల మందు. 2009 నాటికి అమెరికాలో పట్టుబడిన కొకైన్‌లో సగానికంటే ఎక్కువ వాటిలో అది కనిపించింది. రక్తంలో తెల్లకణాలను ప్రమాదకరంగా తగ్గించేస్తుంది, చెవుల దగ్గర చర్మం నల్లబడి చచ్చిపోయేలా చేస్తుంది. దీన్ని బయటపెట్టింది చాలావరకు ఆసుపత్రి డాక్టర్లు, పూర్తిస్థాయి ల్యాబులు. మామూలు రంగు కిట్ దాన్ని పట్టుకోలేదు, ఎందుకంటే ఆ కిట్‌ను అడిగిన ప్రశ్న అది కాదు.

రంగు పరీక్షలు ఎలా పనిచేస్తాయి? కల్తీ వాటిని ఎక్కడ చెడగొడుతుంది?

ఒక చుక్క రియేజెంట్‌ను (చర్య జరిపి రంగు మార్చే రసాయన ద్రావణాన్ని) చిటికెడు పొడి మీద వేస్తే రంగు మారుతుంది. అందరికీ తెలిసినది మార్క్విస్ రియేజెంట్. ఫార్మాల్డిహైడ్, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి చేసేది. 19వ శతాబ్దం చివర్లో పుట్టింది, ఇప్పటికీ వాడుకలో ఉంది. ఎండీఎంఏ (ఎక్స్‌టసీ అని పిలిచే మత్తుమందు) తగిలితే ఊదా రంగు వచ్చి నలుపుకు తిరుగుతుంది. యాంఫెటమిన్ అయితే నారింజ, తరవాత గోధుమ. మార్ఫిన్, హెరాయిన్ అయితే ఊదా.

గమనించండి, ఈ రియేజెంట్ ఎండీఎంఏ అనే ఒక్క అణువును గుర్తుపట్టడం లేదు. ఆ అణువులోని ఒక రకమైన నిర్మాణంతో చర్య జరుపుతోంది. అలాంటి నిర్మాణం ఉన్నవి ఎన్నో ఉన్నాయి. పైగా రంగు అంటే మన కంటికి కనిపించే మొత్తం. ఇక్కడే కల్తీ నాలుగు రకాలుగా దెబ్బ కొడుతుంది.

మొదటిది, కప్పేయడం. ముదురు రంగు లేత రంగును మింగేస్తుంది. మాత్రలో ఎండీఎంఏతో పాటు పీఎంఏ అనే మరో మత్తు పదార్థం కూడా ఉందనుకుందాం. పీఎంఏ చాలా ప్రమాదకరం, కానీ మార్క్విస్‌లో దానికి రంగే రాదు. ఎండీఎంఏ ఇచ్చిన నలుపు మాత్రం ఘనంగా కనిపిస్తుంది. చూసినవాడు "అసలు సరుకే" అనుకుంటాడు. మార్క్విస్ చెప్పింది "ఎండీఎంఏ లాంటిది ఉంది" అని మాత్రమే. "ఇంకేమీ లేదు" అని అది ఎప్పుడూ అనలేదు.

రెండోది, రంగులు కలిసిపోవడం. నారింజ, ఊదా, గోధుమ ఒకేసారి పుడితే చివరికి మిగిలేది బురద రంగు. చార్టులో ఆ రంగు ఉండదు. చూసేవాడు తనకు కావాల్సిన గడికి దాన్ని సర్దేసుకుంటాడు. ఇది మనిషి బలహీనత, రసాయనం తప్పు కాదు.

మూడోది, వేరే పదార్థం అలాంటి రంగే ఇవ్వడం. నాలుగోది, పలచబడటం. అసలు పదార్థం 2, 3 శాతమే ఉండి, మిగతాదంతా రంగు ఇవ్వని పొడి అయితే, రావలసిన రంగు కంటికి ఆననంత లేతగా ఉంటుంది. ఫెంటనిల్ లాంటి వాటి విషయంలో జరిగేది ఇదే. ప్రాణం తీసే మోతాదు ఉంటుంది, రంగు మాత్రం కనిపించదు.

ఇంకో చిన్న మాట. ఎన్ని సెకన్లలో రంగు వచ్చిందన్నది రంగంత ముఖ్యం. ఆస్పిరిన్ కూడా మార్క్విస్‌లో ఎరుపుకు తిరుగుతుంది, కాకపోతే నెమ్మదిగా. పది నిమిషాల తరవాత వచ్చి చూసి రంగు చెప్పేవాళ్ల ఫలితం నమ్మదగినది కాదు. అప్పటికి రియేజెంట్ దానంతట అదే నల్లబడుతూ ఉంటుంది.

పంచదారలాంటివి ఏ చర్యా జరపవు కదా, వాటితో ఇబ్బంది ఏముంది?

ఉంది. మార్క్విస్, మెక్ లాంటి రియేజెంట్లలో ఉండేది గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం. పంచదార మీద ఆ ఆమ్లం పోస్తే నల్లటి బొగ్గులా పొంగడం స్కూల్ ల్యాబులో చాలామంది చూసే ఉంటారు. చుక్కంత స్థాయిలో కూడా అదే జరుగుతుంది. పసుపు, గోధుమ, చివరికి నలుపు. దాన్ని చూసి "రియాక్షన్ వచ్చింది" అనుకునే ప్రమాదం ఉంది.

వంటసోడా అయితే ఆమ్లంతో కలిసి బుసబుసా పొంగుతుంది, రియేజెంట్ బలాన్ని కొంత తినేస్తుంది. నురగ కనిపిస్తే అది మందు చేస్తున్న పని కాదు, సోడా చేస్తున్న పని.

నీలం రంగు వస్తే కొకైన్ అని ఖాయమా?

కాదు. నన్ను అన్నిటికన్నా బాధపెట్టే విషయం ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

కొకైన్‌కు వాడే పరీక్షలో కోబాల్ట్ థయోసయనేట్ అనే గులాబీ రంగు ద్రావణం ఉంటుంది. కొకైన్ తగిలితే నీలం. కానీ ఈ నీలం నైట్రోజన్ ఉన్న క్షార గుణపు మందులు ఎన్నిటికో వస్తుంది. లిడోకేయిన్, డైఫెన్‌హైడ్రమైన్ వాటిలో ఉన్నాయి. కొకైన్ కాకుండానే నీలం ఇచ్చేవి 80కి పైగా ఉన్నాయని పాత్రికేయ పరిశోధనలో తేలింది. ఈ బలహీనత ముందే తెలుసు కాబట్టే 1973లో స్కాట్ పేరుతో మూడు మెట్ల పరీక్ష వచ్చింది. మొదట నీలం రావాలి, ఆమ్లం వేస్తే గులాబీకి తిరగాలి, క్లోరోఫాం వేస్తే అడుగు పొర మళ్లీ నీలంగా మారాలి. మూడూ వరసగా జరిగితేనే కొకైన్ అయ్యే అవకాశం ఉందని చెప్పాలి. రోడ్డు పక్కన హడావుడిగా చేసేటప్పుడు మొదటి నీలం దగ్గరే ఆగిపోవడం, మోతాదు ఎక్కువ వేయడం, మెట్లు తారుమారు చేయడం జరుగుతుంటాయి.

దీని ఫలితం ఏమిటి? అమెరికాలోని హ్యూస్టన్ ప్రాంతంలో పోలీసులు రోడ్డు మీద చేసిన రంగు పరీక్షల ఆధారంగా వందలమంది నేరం ఒప్పుకుని శిక్ష అనుభవించారు. ఆ తరవాత ల్యాబ్ అదే నమూనాను పరీక్షిస్తే, అందులో నిషేధిత పదార్థమే లేదని తేలింది. జైల్లో మగ్గే కంటే ఒప్పుకుని త్వరగా బయటపడదామని వాళ్లు అనుకున్నారు. 2017లో హ్యూస్టన్ పోలీసులు ఆ కిట్ల వాడకం ఆపేశారు. 2015లో ఫ్లోరిడాలో ఒక పెద్దాయన కారులో రాలిన డోనట్ మీది చక్కెర పూత ముక్కలు మెథాంఫెటమిన్ (మెథ్ అనే ఉత్తేజక మత్తుమందు)గా "పాజిటివ్" వచ్చి ఆయన్ని అరెస్టు చేశారు. ల్యాబ్ నివేదిక వచ్చాక గానీ కేసు పోలేదు.

కాబట్టి మీరు లాయరైనా, కుటుంబ సభ్యులైనా, "కిట్‌లో పాజిటివ్ వచ్చింది" అన్న మాట విన్న వెంటనే అడగాల్సింది ఒకటే: ల్యాబ్‌లో నిర్ధారణ పరీక్ష జరిగిందా?

నాలుక మీద పెట్టుకుంటే మొద్దుబారుతుంది, చేదుగా ఉంటుంది. అది సరిపోదా?

సరిపోదు. మొద్దుబార్చేది లిడోకేయిన్, బెంజోకేయిన్, ప్రొకేయిన్ కూడా. అందుకోసమే వాటిని కలుపుతారు. చేదుకు కెఫీన్, క్వినైన్ ఉన్నాయి. స్ఫటికాల మెరుపుకు ఐసోప్రొపైల్‌బెంజైల్‌అమైన్ ఉంది, చూడటానికి అచ్చం మెథ్‌లా ఉంటుంది. రుచి, రూపం, వాసన అనేవి కల్తీ చేసేవాడు ముందుగా గెలిచే పరీక్షలు. పైగా తెలియని పొడిని నాలుక మీద పెట్టడమే ప్రమాదం.

ఫెంటనిల్ స్ట్రిప్ ఎలా పనిచేస్తుంది? మెథ్, ఎండీఎంఏ పరీక్షించినప్పుడు తప్పుడు పాజిటివ్ ఎందుకొస్తుంది?

స్ట్రిప్‌లో ఫెంటనిల్‌ను పట్టుకునే యాంటీబాడీలు ఉంటాయి. గర్భ పరీక్షకు అలవాటుపడిన కంటికి ఇది తిరకాసుగా అనిపిస్తుంది: ఇక్కడ ఒక్క గీత వస్తే పాజిటివ్, రెండు గీతలు వస్తే నెగటివ్. రెండో గీత ఎంత లేతగా ఉన్నా అది నెగటివే. ఏ గీతా రాకపోతే, లేదా కంట్రోల్ గీత (స్ట్రిప్ పనిచేస్తోందని చూపే గీత) రాకపోతే పరీక్ష చెల్లదు, మళ్లీ చేయాలి.

యాంటీబాడీ తాళంచెవి లాంటిది కాదు, కొంచెం వదులు గొళ్లెం లాంటిది. మెథాంఫెటమిన్, ఎండీఎంఏ, డైఫెన్‌హైడ్రమైన్‌లను అది చాలా బలహీనంగా పట్టుకుంటుంది. కానీ నీళ్లలో అవి కుప్పలుగా ఉంటే ఆ బలహీనమైన పట్టే చాలు, గీత మాయమవుతుంది.

ఒక లెక్క చూద్దాం. ఎక్కువగా వాడే స్ట్రిప్‌లు మిల్లీలీటరుకు సుమారు 200 నానోగ్రాముల ఫెంటనిల్‌ను పట్టుకుంటాయి. మెథ్, ఎండీఎంఏ, డైఫెన్‌హైడ్రమైన్ అయితే మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము స్థాయికి చేరినప్పుడు తప్పుడు పాజిటివ్ ఇవ్వగలవు. అంటే ఫెంటనిల్ కంటే 5,000 రెట్లు ఎక్కువ ఉంటే తప్ప అవి స్ట్రిప్‌ను మోసం చేయలేవు. ఇప్పుడు 10 మిల్లీగ్రాముల మెథ్‌ను 5 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపారనుకోండి, అది మిల్లీలీటరుకు 2 మిల్లీగ్రాములు. తప్పుడు పాజిటివ్‌కు తలుపు తెరిచినట్టే. అదే 10 మిల్లీగ్రాములను 50 మిల్లీలీటర్లలో కలిపితే 0.2 మిల్లీగ్రాములే. మెథ్ గొంతు వినపడదు. ఆ పొడిలో ఒక్క శాతం ఫెంటనిల్ నిజంగా ఉంటే మాత్రం మిల్లీలీటరుకు 2,000 నానోగ్రాములు ఉంటుంది. స్ట్రిప్‌కు కావాల్సిన దానికంటే ఇంకా పది రెట్లు ఎక్కువే.

అంటే నీళ్లు ఎక్కువ పోస్తే పరీక్ష పాడవుతుందన్న భయం సగం నిజమే. మెథ్, ఎండీఎంఏ విషయంలో నీళ్లు ఎక్కువ పోయడమే సరైన పని. మరీ బకెట్‌లో కలిపితే మాత్రం నిజమైన ఫెంటనిల్ కూడా మాయమవుతుంది. స్ట్రిప్‌తో వచ్చే కాగితంలో ఏ పదార్థానికి ఎంత నీళ్లు పోయాలో ఉంటుంది. దాన్ని పక్కన పడేయకండి.

తప్పుడు పాజిటివ్ చిన్న విషయం అనిపించవచ్చు, జాగ్రత్తపడితే నష్టం లేదు కదా అని. నష్టం ఉంది. నాలుగుసార్లు తప్పుడు హెచ్చరిక విన్నవాడు ఐదోసారి వచ్చిన నిజమైన హెచ్చరికను పట్టించుకోడు.

మరి స్ట్రిప్ తప్పుడు నెగటివ్ ఎప్పుడు ఇస్తుంది?

దీని గురించి ఎక్కువ ఆలోచించాలి. ఎందుకంటే దీనికి మూల్యం ప్రాణం.

పొడి నీళ్లలో సరిగ్గా కరగకపోతే లోపల చిక్కుకున్న ఫెంటనిల్ నీళ్లలోకి రాదు. పొగగా పీల్చే ముద్దల రూపంలోని క్రాక్ కొకైన్‌కు ఈ ఇబ్బంది ఎక్కువ, అది మామూలు నీళ్లలో కరగదు. పిండి, మాత్రల బైండర్లు (పొడిని మాత్రగా అతికించేవి) గుజ్జుగా మారి స్ట్రిప్ మీద నీటి నడకను అడ్డుకోవచ్చు. మరీ ఆమ్లంగా ఉన్న నీళ్లు యాంటీబాడీలను పని చేయనివ్వవు.

అన్నిటికన్నా పెద్ద కారణం, ఉన్నది ఫెంటనిల్ కాకపోవడం. నిటజీన్లు అనే ఓపియాయిడ్‌లు చాలా శక్తిమంతమైనవి, వాటి రసాయన నిర్మాణం పూర్తిగా వేరు. ఫెంటనిల్ స్ట్రిప్ వాటిని చూడనే చూడదు. 2022 ఫిబ్రవరిలో బ్యూనస్ ఐరిస్ శివార్లలో కొకైన్ అనుకుని కొన్న పొడి వల్ల 20 మందికి పైగా చనిపోయారు. అందులో కలిసింది కార్ఫెంటనిల్. ఫెంటనిల్ కుటుంబంలోదే అయినా ఎన్నో రెట్లు శక్తి ఉన్నది కాబట్టి చాలా తక్కువ మోతాదే ప్రాణాంతకం. మోతాదు తగ్గేకొద్దీ స్ట్రిప్ దాన్ని అందుకోవడమూ కష్టమవుతుంది.

జైలజీన్, నిటజీన్ స్ట్రిప్‌లు కూడా వచ్చాయి కదా, వాటిని నమ్మొచ్చా?

వాడటం మంచిదే, వాటి బలహీనత తెలుసుకుని. జైలజీన్ స్ట్రిప్‌ను లిడోకేయిన్ మోసం చేస్తుంది. లిడోకేయిన్ కొకైన్‌లో మామూలుగా ఉండే కల్తీ కాబట్టి, కొకైన్‌లో జైలజీన్ పాజిటివ్ వస్తే ముందు లిడోకేయిన్‌ను అనుమానించాలి. నిటజీన్ స్ట్రిప్‌కు కెఫీన్ ఎక్కువ మోతాదులో ఉంటే అదే ఇబ్బంది. కొన్ని నిటజీన్లను ఆ స్ట్రిప్ అసలు పట్టుకోదు.

పైగా సరుకు మారుతూ ఉంటుంది. 2024లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో జైలజీన్ స్థానంలోకి మెడెటోమిడిన్ అనే మరో పశువుల మత్తుమందు వచ్చింది. జైలజీన్ స్ట్రిప్ దాన్ని గుర్తించదు. స్ట్రిప్ నెగటివ్ రావడం అక్కడ మంచి వార్త కాదు, విషం పేరు మారిందంతే.

మాత్ర ఒక మూల గీరి పరీక్షిస్తే చాలా?

చాలదు. కల్తీ పొడిలో అన్నిచోట్లా సమానంగా ఉండదు. చేత్తో, సంచిలో ఊపి కలిపిన పొడిలో ఫెంటనిల్ ముద్దలు ముద్దలుగా ఉంటుంది. ఒక మూల శుభ్రంగా, పక్క మూల ప్రాణాంతకంగా ఉండటం సాధ్యమే. వాడబోయే మొత్తాన్ని నీళ్లలో కరిగించి స్ట్రిప్ ముంచడమే దీనికి దగ్గరి మార్గం. రంగు పరీక్షకు ఆ వీలు లేదు, అందులో వాడిన ముక్క పోయినట్టే. రియేజెంట్ గాఢ ఆమ్లం, చర్మాన్ని, కళ్లను కాలుస్తుంది. అది తగిలిన పొడిని ఎట్టి పరిస్థితిలోనూ వాడకూడదు.

రంగు ఎంత ముదురుగా ఉంటే సరుకు అంత స్వచ్ఛమా?

కాదు. ఎంత పొడి వేశారు, ఎన్ని చుక్కలు పడ్డాయి, వెలుతురు ఎలా ఉంది, రియేజెంట్ ఎంత పాతది, ఇవన్నీ రంగును మారుస్తాయి. స్ట్రిప్ గీత ముదురు, లేత కూడా మోతాదు చెప్పవు. "ఎంత ఉంది" అన్న ప్రశ్నకు జవాబు ల్యాబ్‌లోని యంత్రాలే చెప్పాలి.

రెండు మూడు రియేజెంట్లు వాడితే?

కొంత మెరుగు. సైమన్ రియేజెంట్ ఎండీఎంఏకు నీలం ఇస్తుంది, దాని దగ్గరి బంధువైన ఎండీఏకు ఇవ్వదు. ఎర్లిక్ రియేజెంట్ ఎల్‌ఎస్‌డీకి ఊదా ఇస్తుంది, దాని పేరుతో అమ్మే ఎన్‌బీఓఎంఈలకు ఇవ్వదు. అలా ఒక్కో రియేజెంట్ కొన్ని అవకాశాలను కొట్టిపారేస్తుంది. కానీ మిశ్రమం విషయంలో అదే పాత చిక్కు మళ్లీ వస్తుంది. ఎండీఎంఏ, ఎండీఏ రెండూ ఉంటే సైమన్ నీలమే చూపిస్తుంది, ఎండీఏ దాని వెనక దాక్కుంటుంది. రియేజెంట్లు "ఇది అది కాదు" అని చెప్పడంలో గట్టివి. "ఇది అదే, ఇంకేమీ లేదు" అని చెప్పడం వాటి వల్ల కాదు.

ఎఫ్‌టీఐఆర్ యంత్రం మిశ్రమాన్ని విడదీసి చూపిస్తుందట కదా?

చూపిస్తుంది, ఒక హద్దు వరకు. ఇది పొడి మీద పరారుణ కాంతి పంపి, ఏ తరంగాలను పొడి మింగిందో చూస్తుంది. ప్రతి పదార్థానికి తనదైన గీతల ముద్ర ఉంటుంది. చిన్న యంత్రం, నిమిషాల్లో జవాబు, పొడి కూడా పాడవదు. అందుకే డ్రగ్ చెకింగ్ కేంద్రాల్లో (జనం తెచ్చిన పొడిని పరీక్షించి చెప్పే చోట్లలో) ఇది బాగా వాడుకలోకి వచ్చింది. పంచదారలు, కెఫీన్, ఫినాసెటిన్ లాంటివి ఎక్కువ మొత్తంలో ఉంటే చక్కగా చెబుతుంది. రంగు పరీక్షకు కనపడని బరువు పొడులు దీనికి కనపడతాయి.

దాని హద్దు సుమారు 5 శాతం. బరువులో అంతకంటే తక్కువ ఉన్నది మిగతావాటి గీతల కింద మునిగిపోతుంది. 100 మిల్లీగ్రాముల పొడిలో 2 శాతం ఫెంటనిల్ అంటే 2 మిల్లీగ్రాములు. అలవాటు లేని మనిషిని చంపడానికి అది చాలు. ఎఫ్‌టీఐఆర్ మాత్రం "మానిటాల్, కెఫీన్" అని చెప్పి ఊరుకుంటుంది. అందుకే తెలిసిన టెక్నీషియన్లు యంత్రం పక్కనే స్ట్రిప్ కూడా పెట్టుకుంటారు. ఒకటి ఎక్కువగా ఉన్నవాటిని చూస్తుంది, ఇంకోటి తక్కువగా ఉన్నదాన్ని. ఈ జోడీ నాకు చాలా తెలివైన ఏర్పాటుగా కనిపిస్తుంది.

లేజర్‌తో పనిచేసే రామన్ యంత్రానికి ఇంకో ఇబ్బంది ఉంది. రంగులు కలిపిన మాత్రలు, గోధుమ రంగు హెరాయిన్ లేజర్ పడగానే తామే వెలుగుతాయి. ఆ వెలుగులో అసలు సంకేతం కొట్టుకుపోతుంది.

అయితే జీసీ–ఎంఎస్ (గ్యాస్ క్రోమటోగ్రఫీ–మాస్ స్పెక్ట్రోమెట్రీ అనే ల్యాబ్ పరీక్ష) చేస్తే అన్ని సందేహాలూ తీరిపోతాయా?

చాలావరకు తీరతాయి. మిశ్రమాన్ని ముందు ఒక్కొక్కటిగా విడదీసి, తరవాత ఒక్కోదాని అణువు ముక్కలను తూచడం దాని పద్ధతి. వేరు చేశాకే గుర్తుపడుతుంది కాబట్టి కప్పేయడం, రంగులు కలవడం లాంటి చిక్కులు దాదాపు ఉండవు.

దానికీ చూడలేనివి ఉన్నాయి. పదార్థం వేడికి ఆవిరైతేనే అది చూడగలదు. పంచదారలు ఆవిరి కావు, ముందుగా రసాయనికంగా మార్చితే తప్ప నివేదికలో కనపడవు. అంటే 70 శాతం లాక్టోజ్ ఉన్న పొడిని కూడా "కొకైన్, కెఫీన్" అని రాసి ఇవ్వొచ్చు. కొన్ని పదార్థాలు ఆ వేడికి వేరేవిగా మారిపోతాయి. మ్యాజిక్ పుట్టగొడుగుల్లోని సైలోసైబిన్ ఇలాగే సైలోసిన్‌గా కనిపిస్తుంది. ఒకే ముక్కలుగా విడిపోయే జంట అణువులను, ఉదాహరణకు ఫ్లోరోఫెంటనిల్ రూపాలను, విడదీసి చెప్పడానికి అదనపు పని కావాలి.

ఇంకోటి, యంత్రం తన లైబ్రరీలో ఉన్న ముద్రతోనే పోల్చుతుంది. 2024లో ఫెంటనిల్ నమూనాల్లో బీటీఎంపీఎస్ అనే పదార్థం కనపడటం మొదలైంది. అది ప్లాస్టిక్ ఎండకు పాడవకుండా కలిపే పారిశ్రామిక రసాయనం. మత్తుమందుల పరీక్షలో దాని కోసం వెతకాలన్న ఆలోచన అంతకుముందు ఎవరికి వస్తుంది?

మరి దేన్ని "నిర్ధారణ" అనాలి?

ఫోరెన్సిక్ ల్యాబుల కోసం స్విగ్‌డ్రగ్ అనే నిపుణుల బృందం చేసిన సిఫారసులు విస్తృతంగా వాడుకలో ఉన్నాయి. అందులో పద్ధతులను మూడు వర్గాలుగా విభజించారు. ఎంఎస్, పరారుణ, ఎన్ఎంఆర్ (అయస్కాంత క్షేత్రంతో అణు నిర్మాణం చూసే పద్ధతి), రామన్ లాంటివి "ఎ" వర్గం. రంగు పరీక్షలు "సి" వర్గం, అంటే కింది మెట్టు. "ఎ" వర్గం పద్ధతి వాడినా దానికి తోడు మరో పద్ధతి ఉండాలి. పూర్తిస్థాయి ల్యాబే ఒక్క పరీక్షను నమ్మనప్పుడు, రోడ్డు మీద ఒక్క చుక్కను నమ్మడం ఎంతవరకు సబబు?

మూత్ర పరీక్ష మీద కల్తీ ప్రభావం ఉంటుందా?

ఉంటుంది, వేరే విధంగా. మనిషి తాను కొకైన్ మాత్రమే తీసుకున్నాననుకుంటాడు, మూత్రంలో ఫెంటనిల్ వస్తుంది. అతను అబద్ధమాడుతున్నాడని అనుకునే ముందు సరుకులో కల్తీ ఉండి ఉండొచ్చని గుర్తుంచుకోండి. దీనికి ఎదురు కూడా జరుగుతుంది. ఆసుపత్రుల్లో మామూలుగా చేసే ఓపియేట్ స్క్రీన్ మార్ఫిన్ కుటుంబం కోసం తయారైంది, అది ఫెంటనిల్‌ను పట్టుకోదు. దానికి విడిగా పరీక్ష అడగాలి. ఈ స్క్రీన్లు కూడా యాంటీబాడీలతోనే పనిచేస్తాయి, కాబట్టి వాటికీ నిర్ధారణ అవసరమే.

డ్రగ్ చెకింగ్ కేంద్రాలు నిజంగా ఉన్నాయా?

ఉన్నాయి. నెదర్లాండ్స్‌లో డిమ్స్ అనే వ్యవస్థ 1992 నుంచి నడుస్తోంది. న్యూజిలాండ్ 2021లో ఈ సేవలను శాశ్వతంగా చట్టబద్ధం చేసింది. ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో 2022లో స్థిర కేంద్రం తెరిచారు. ఈ కేంద్రాల్లో నాకు నచ్చేది యంత్రాలు కాదు. ఫలితం చేతిలో పెట్టి పంపేయకుండా, ఆ ఫలితం ఏమి చెప్పడం లేదో కూర్చోబెట్టి మరీ వివరించడం. కొత్త కల్తీ కనపడగానే ఊరంతటికీ హెచ్చరిక వెళ్లడం. ఒంటరిగా ఇంట్లో చేసే పరీక్షకు ఈ రెండూ ఉండవు. ఇలాంటి కేంద్రాలకు చట్టం ఒప్పుకోని చోట్లు చాలా ఉన్నాయి. కిట్లు దగ్గర పెట్టుకోవడమే నేరమైన చోట్లు కూడా ఉన్నాయి.

అన్ని పరీక్షలూ నెగటివ్ వచ్చాయి. ఇప్పుడైనా సురక్షితమేనా?

వెతికినవి వెతికిన మేరకు దొరకలేదు. నెగటివ్ అంటే అర్థం అంతవరకే. పరీక్ష వల్ల ప్రమాదం తగ్గవచ్చు, పోదు. వాడకపోవడమే భద్రం. అయినా వాడేవాళ్లు ఒంటరిగా ఉండకూడదు, ఒకేసారి ఇద్దరూ తీసుకోకూడదు, మొదట చాలా కొద్దిగా తీసుకుని ఆగాలి, ఓపియాయిడ్ ప్రభావాన్ని దించే నలోక్సోన్ మందు దగ్గర ఉండాలి.

ఎవరైనా పడిపోతే, ఏ కల్తీ ఉందో తెలియకపోతే ఏం చేయాలి?

పరీక్ష ఫలితం కోసం ఆగకండి. పిలిస్తే పలకకపోవడం, ఊపిరి నెమ్మదించడం లేదా గురక లాంటి శబ్దం, పెదాలు నీలంగా మారడం కనిపిస్తే వెంటనే అంబులెన్స్ పిలవండి. నలోక్సోన్ ఉంటే ఇవ్వండి. స్ట్రిప్ ఫెంటనిల్ లేదని చూపించి ఉన్నా సరే ఇవ్వండి. నిటజీన్లకు కూడా అది పనిచేస్తుంది, ఒక్కోసారి రెండో డోసు కావాల్సి వస్తుంది. ఓపియాయిడ్ అసలు లేకపోయినా దానివల్ల హాని జరగదు.

జైలజీన్, మెడెటోమిడిన్ ఉంటే నలోక్సోన్ వాటి మత్తును దించదు. ఊపిరి తిరిగి మొదలై, మనిషి మాత్రం లేవకుండా ఉండొచ్చు. అలాంటప్పుడు కంగారుపడి డోసు మీద డోసు ఇవ్వక్కర్లేదు. మనిషి ఊపిరి తీసుకుంటున్నాడా లేదా అన్నదే చూడండి. తీసుకుంటుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, లేకపోతే నోటి ద్వారా ఊపిరి అందించండి. మిగిలిన పొడి గానీ, ఖాళీ ప్యాకెట్ గానీ ఉంటే డాక్టరుకు ఇవ్వండి. "కొకైన్ తీసుకున్నాడు" అనకండి, "కొకైన్ అని చెప్పి అమ్మినది తీసుకున్నాడు" అనండి. డాక్టర్ ఏం వెతకాలన్నది ఆ మాటతో మారిపోతుంది.